‘శ్రీకాకుళం జిల్లా చరిత్ర’ అని రాస్తే సరిపోతుందా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా గార మండలం. డిగ్రీ హెచ్‌ఈపీ తెలుగు మీడియంలో చదివాను. మధ్యలో ఇంటి పరిస్థితుల వల్ల ఒక ఏడాది చదువు ఆగింది. ఎంఏ చరిత్ర 61 శాతంతో పాసయ్యాను. ఇప్పుడు పీహెచ్‌డీకి దరఖాస్తు చేస్తున్నాను. ‘అకడమిక్ బ్యాక్‌గ్రౌండ్, రీసెర్చ్ ఇంట్రెస్ట్స్’ అని రెండు పేజీలు ఇంగ్లిషులో రాసి జతపరచమన్నారు. నేను ‘శ్రీకాకుళం జిల్లా చరిత్ర: ప్రాచీన కాలం నుంచి నేటి వరకు’ అని రాస్తే మా సీనియర్ ‘ఇది నడవదు’ అన్నారు. ఎందుకు నడవదో చెప్పలేదు. మా ముత్తాత రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళి వచ్చిన మనిషి. ఆయన పెట్టె, కొన్ని ఉత్తరాలు, ఒక భూమి దస్తావేజు మా ఇంట్లో ఉన్నాయి. ఆ సంగతి దరఖాస్తులో రాయవచ్చా? (ఒక పాఠకురాలు)

జవాబు: మీ సీనియర్ మాట నిజమే. కాకపోతే కారణం కూడా చెప్పి ఉండాల్సింది. మీ శీర్షిక చదివిన ప్రొఫెసరుకి మీకు శ్రీకాకుళమంటే ఇష్టమని అర్థమవుతుంది. మీరు ఏ కాగితం తెరుస్తారో, అందులో ఏం వెతుకుతారో మాత్రం అర్థం కాదు. ఆయనకు కావలసింది అదే. ఆ రెండు పేజీలు చదివేవాళ్ళ మనసులో తిరిగే ప్రశ్న ఒక్కటే: ఈ అమ్మాయి చదవగలిగిన కాగితాలతో ఈ అమ్మాయి అడిగిన ప్రశ్న తేలుతుందా? ఏం చదవగలరో ‘బ్యాక్‌గ్రౌండ్’ చెప్పాలి, ఏం అడుగుతున్నారో ‘ఇంట్రెస్ట్స్’ చెప్పాలి. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడాలి. చాలా దరఖాస్తుల్లో ఇవి ఒకే కవర్లో పెట్టిన ఇద్దరు వేర్వేరు మనుషుల కాగితాల్లా ఉంటాయి.

మీ శీర్షిక ఎంత బరువో చూడండి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఆరేళ్ళు. అందులోనే కనీసం 12 క్రెడిట్ల కోర్స్‌వర్క్ కూడా పూర్తి చేయాలి. ఆ కాస్త గడువులో శాలిహుండం స్తూపాలతో మొదలుపెట్టి, ముఖలింగం గాంగ రాజులు, చికాకోల్ (శ్రీకాకుళం పాత పేరు) నవాబుల కాలపు ఫౌజుదార్లు, ఈస్టిండియా కంపెనీ, జమీందార్లు దాటుకుని 1967లో లేవిడి దగ్గర గిరిజనుల మీద జరిగిన కాల్పుల దాకా రావాలంటే ప్రాకృతం, సంస్కృతం, ఒడియా, పారశీ, ఇంగ్లిషు రెవెన్యూ రికార్డు అన్నీ ఒక్కరే చదవగలగాలి. అలాంటి మనిషి ఉండరు. ఉన్నా ఆ పని ఒక సిద్ధాంత గ్రంథంలో పట్టదు.

అంతకంటే పెద్ద చిక్కు ‘జిల్లా’ అన్న మాటలో ఉంది. శ్రీకాకుళం జిల్లా పుట్టింది 1950 ఆగస్టు 15న. మీ గార వైపు ఊళ్ళు అంతకుముందు చికాకోల్ తాలూకా. 1936 మార్చి దాకా అది గంజాం జిల్లా. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి గంజాంలో ఎక్కువ భాగం అటు పోయాక, మిగిలిన తెలుగు ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో కలిసింది. బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం, పాలకొండ అప్పటికే విశాఖపట్నం జిల్లావి. 1950లో శ్రీకాకుళంలోకి వచ్చాయి. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడింది, 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా విడివడింది. ఇదంతా జీకే పరీక్షకు కాదు. ఆర్కైవ్స్ కేటలాగులో ‘శ్రీకాకుళం’ అని వెతికితే 1950కి ముందు మీకేమీ దొరకదు. కళింగపట్నానికి చెందిన 1910 నాటి కాగితం కావాలంటే ‘గంజాం’ కిందా, 1940 నాటిది కావాలంటే ‘వైజాగపటం’ కిందా చూడాలి. స్పెల్లింగులు కూడా అప్పటివే: చికాకోల్, కాలింగపటం, బిమ్లిపటం. ఈ తేడా మీకు తెలుసని దరఖాస్తులో ఒక్క వాక్యంలో కనిపించినా చాలు, చదివేవాళ్ళు కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు.

ఇక మీకు దొరికిన అదృష్టం చెప్తాను. ఒక్క గార మండలంలోనే మూడు వేర్వేరు పరిశోధనా రంగాలు పక్కపక్కన ఉన్నాయి. వంశధార ఒడ్డున శాలిహుండం బౌద్ధ క్షేత్రం ఉంది. అది పురావస్తువు. తవ్వకాల నివేదికలు, కుండపెంకుల వర్గీకరణ తెలియాలి, మీ ఎంఏలో ఆర్కియాలజీ పేపరు లేకపోతే అటు వెళ్ళకండి.

రెండోది శ్రీకూర్మం. గుడి స్తంభాల మీది శాసనాల పాఠాలు దక్షిణ భారత శాసనాల అయిదో సంపుటంలో ముఖలింగం శాసనాలతో కలిసి అచ్చయి ఉన్నాయి. శక సంవత్సరం 1203 నాటి, అంటే క్రీ.శ. 1281 నాటి మధ్వ గురువు నరహరితీర్థుల శాసనం అక్కడిదే. సంస్కృతం కొద్దిగానైనా వస్తే, పాత తెలుగు లిపి కూర్చుని నేర్చుకునే ఓపిక ఉంటే మంచి రంగం. లెక్కల్లో జాగ్రత్త కావాలి. శక సంవత్సరానికి 78 కలిపితే మామూలుగా క్రీస్తు శకం వస్తుంది. గాంగుల, గజపతుల శాసనాల్లో కనబడే ‘అంక’ సంవత్సరం అలా కుదరదు. అందులో లెక్క 2తో మొదలవుతుంది. 6తో ముగిసే అంకెలు వదిలేస్తారు, 10ని ఉంచి మిగతా సున్నాతో ముగిసేవీ వదిలేస్తారు. అంటే 2, 3, 4, 5, ఆ తర్వాత 7. అలా పోతే 21వ అంకం అంటే రాజు ఏలుబడిలో 17వ ఏడు మాత్రమే. దాన్ని 21వ ఏడుగా రాసినవాళ్ళు నాలుగేళ్ళు తప్పుతారు, దానిమీద కట్టిన వాదమంతా కూలుతుంది.

మూడోది కళింగపట్నం రేవు, అక్కడి నుంచి సాగిన రంగం వలస. మీ ఇంట్లో పెట్టె ఉన్నందుకు కాదు గానీ, మీ చదువుకు, మీకు వచ్చిన భాషలకు ఎక్కువగా అమరేది ఇదే. తెలుగు, ఇంగ్లిషు రెండిటితో పని జరుగుతుంది. కాలం దగ్గరిది. కాగితం కొంత మీ ఊళ్ళోనే ఉంది. మిగతా జవాబంతా దీన్నే ఉదాహరణగా పెట్టుకుని చెప్తాను. మీరు వేరేది ఎంచుకున్నా పద్ధతి ఇదే.

ముందు ‘బర్మా వలస’ అన్న అంశాన్ని ప్రశ్నగా మార్చాలి. అంశానికీ ప్రశ్నకూ తేడా ఏమిటంటే, ప్రశ్నకు ‘కాదు’ అనే జవాబు కూడా రావచ్చు. ‘ఉత్తరాంధ్ర నుంచి బర్మాకు జరిగిన వలసలను అధ్యయనం చేస్తాను’ అంటే అందులో ఓడిపోయే అవకాశమే లేదు, అందుకే అది ప్రశ్న కాదు. ఇలా రాసి చూడండి:

‘కళింగపట్నం చుట్టుపక్కల ఊళ్ళ నుంచి రంగూన్ రేవుకు, ధాన్యం మిల్లులకు వెళ్ళిన కూలీలు సంపాదించిన డబ్బు స్వగ్రామాల్లో భూమి కొనుగోలుకు దారితీసిందా, లేక కూలీలను పోగుచేసే మేస్త్రీల అడ్వాన్సులు, పాత అప్పులు తీర్చడానికే సరిపోయిందా? 1908 నుంచి 1942 దాకా చికాకోల్ తాలూకాలోని రెండు గ్రామాల రిజిస్టరు దస్తావేజుల ఆధారంగా దీన్ని పరిశీలించదలచాను.’

ఇందులో మనుషులు ఎవరో ఉంది, చోటు ఉంది, కాలం ఉంది, కాగితం ఉంది, రెండు వైపులా తేలగల ప్రశ్న ఉంది. ఈ అయిదింటిలో ఏది లోపించినా ఇంటర్వ్యూలో మొదటి దెబ్బ అక్కడే తగులుతుంది.

కాలం ఎంచుకోవడానికి కారణం ఉండాలి. చాలామంది 1900 నుంచి 1947 అని గుండ్రంగా రాసేస్తారు. ‘1900లో ఏం జరిగింది?’ అని అడిగితే నోట మాట రాదు. 1942 ముగింపుకు గట్టి కారణం ఉంది: 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి, 1942 మార్చిలో నగరం పడిపోయింది, మనవాళ్ళు దొరికిన ఓడ ఎక్కీ, అరకాన్, మణిపూర్ కొండలు నడిచీ వచ్చేశారు. మొదలుకు 1908 ఎందుకంటే రిజిస్ట్రేషన్ చట్టం, మద్రాసు ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం రెండూ ఆ ఏటివే. రెండోది జమీందారీ రైతుకు భూమి మీద వారసత్వంగా వచ్చే, అమ్ముకోగలిగే హక్కును గుర్తించింది. అమ్మే హక్కు ఉన్నచోటే కొనుగోలు గురించి అడగగలం. అందుకని మీరు ఎంచుకున్న ఊళ్ళు అప్పట్లో జమీందారీవో, రైతువారీవో (రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టేవి), ఇనామువో (శిస్తు మాఫీ చేసో తగ్గించో ఇచ్చినవి) దరఖాస్తు రాసేలోపే తేల్చుకోండి. ఒకటి జమీందారీ ఊరు, ఒకటి రైతువారీ ఊరు తీసుకుంటే పోలికకూ బాగుంటుంది.

మధ్యలో మరో గీత ఉంది, దాన్ని గమనించనివాళ్ళే ఎక్కువ. బర్మా 1937 మార్చి దాకా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. కాబట్టి రంగం వెళ్ళిన కూలీ చట్టం దృష్టిలో విదేశానికి వెళ్ళినవాడు కాదు. మారిషస్, నెటాల్ వెళ్ళినవాళ్ళకు ఉన్నట్టు ఒప్పంద కూలీల రిజిస్టర్లు, ఊరూ పేరూ ఒంటి మీది పుట్టుమచ్చతో సహా రాసిన చీటీలు, బర్మా వలసకు లేవు. ఎమిగ్రేషన్ ఫైళ్ళలో నెలలపాటు వెతికి ఏమీ లేదని నిట్టూర్చేది ఇందుకే. 1937 ముందుకు జనాభా లెక్కల బర్మా సంపుటాలు, 1931లో వెలువడిన రాయల్ లేబర్ కమిషన్ నివేదిక, దాని వాంగ్మూలాలు, రేవు లెక్కలు చూడాలి. 1937 ఏప్రిల్ తర్వాత బర్మా వేరు దేశం అయింది కాబట్టి భారత ప్రభుత్వ విద్య, ఆరోగ్యం, భూముల శాఖలో ఓవర్సీస్ విభాగం ఫైళ్ళు వస్తాయి. 1941 నాటి బాక్స్‌టర్ నివేదిక (బర్మాకు భారతీయుల వలస మీద) అప్పటిదే. జాతీయ ఆర్కైవ్స్ వాళ్ళ ‘అభిలేఖ్ పటల్’ పోర్టల్‌లో ఇంటినుంచే కేటలాగు వెతకవచ్చు. జనాభా లెక్కలు భాష చెబుతాయి, ఊరు చెప్పవు. బర్మాలో తెలుగువాళ్ళు ఎందరో తేలుతుంది, అందులో మీ ఊరివాళ్ళు ఎందరో తేలదు. అందుకే దస్తావేజులు కావాలి.

వెతికే మాటలూ మారాలి. ఇంగ్లిషు కాగితాల్లో తెలుగు కూలీని ‘కోరింగీ’ అన్నారు, కోరంగి రేవు పేరుమీద. తెలుగు పత్రికల్లో రంగూను, రంగం, బర్మా మూడూ కనిపిస్తాయి. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలకూ బర్మీయులకూ జరిగిన ఘర్షణల వార్తలతో మొదలుపెడితే పత్రికల్లో పట్టు త్వరగా దొరుకుతుంది. శ్రీకాకుళంలోని కథానిలయంలో పాత పత్రికలు చూడవచ్చు. అక్కడికి ‘కథలే కదా’ అని చరిత్ర విద్యార్థులు వెళ్ళరు, అదో పొరపాటు. పాత మాసపత్రికలో కథ పక్కనే సంపాదకీయం ఉంటుంది, రంగం ప్రయాణాల ప్రస్తావనా ఉండవచ్చు.

దస్తావేజుల పని ఎలా ఉంటుందో వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ దరఖాస్తుకు ప్రాణం ఇదే. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో స్థిరాస్తి దస్తావేజులు ఒకటో నంబరు పుస్తకంలోకి ఎక్కుతాయి. దానికి రెండు సూచికలు: ఒకటో ఇండెక్సు మనుషుల పేర్లతో, రెండో ఇండెక్సు ఆస్తితో. 1908 చట్టం 57వ సెక్షను ప్రకారం ఒకటో పుస్తకాన్నీ దాని సూచికల్నీ రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు. వీలునామాలుండే మూడో పుస్తకానికీ, ఇతర దస్తావేజుల నాలుగో పుస్తకానికీ ఆ సదుపాయం లేదు. కాబట్టి ‘అన్నీ చూస్తాను’ అని రాయకండి. ముందు రెండో ఇండెక్సు పట్టుకుని మీ ఊరి పేజీలు తీయండి. పాత సంపుటాలు జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసుకు చేరి ఉండవచ్చు. వెళ్ళే ముందే అడగండి. సిబ్బంది అక్కడ రోజువారీ రిజిస్ట్రేషన్లతో ఊపిరాడకుండా ఉంటారు, ముహూర్తాల రోజుల్లో వెళ్తే మీ మొహం కూడా చూడరు.

దరఖాస్తుకు ముందే ఒక్క ఏడాదివి, ఒక్క ఊరివి చూసి రండి. 20 దస్తావేజులు చాలు. ఒక్కోదానికి తేదీ, అమ్మినవారు, కొన్నవారు, తండ్రి పేరు, కులం, వృత్తి, కాపురం ఉన్న ఊరు, విస్తీర్ణం, ధర, డబ్బు ఎందుకు అవసరమైందని రాశారో, ఇవన్నీ పట్టికగా రాసుకోండి. ‘ప్రస్తుతం రంగంలో ఉన్న ఫలానా’ అన్న మాట ఎన్నిటిలో వచ్చిందో లెక్కపెట్టండి. 20లో మూడు చోట్ల వచ్చినా మీ పద్ధతి పనిచేస్తుందని రుజువు. ఒక్కచోటా రాకపోతే అది కూడా ఇప్పుడే తెలియడం మేలు. కొన్న మనిషి పేరు మీ ఊరి పెద్దలకు చెప్పి ‘వీళ్ళింట్లో ఎవరైనా రంగం వెళ్ళారా?’ అని అడిగి కలపాల్సి వస్తుంది, ఆ మాటే దరఖాస్తులో రాయవచ్చు.

ఈ పట్టికలో తప్పులు రెండు చోట్ల పుడతాయి. పాత ధరలు రూపాయి, అణా, పైల్లో ఉంటాయి: రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. రూ. 45-8-0 అంటే నలభై అయిదున్నర, కంప్యూటర్లో 45.80 అని కొడితే మొత్తమంతా పాడవుతుంది. రెండోది ఫసలీ, అంటే రెవెన్యూ సంవత్సరం. రెవెన్యూ కాగితాల మీద ఉండే ఫసలీకి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లిషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1340 అంటే 1930 జూలై నుంచి 1931 జూన్ దాకా. ఒక్క క్యాలెండరు సంవత్సరంలో కుదించకండి. చేతిరాత కూడా ఒక అడ్డంకే. పాత కాగితాల్లో చాలావరకు గొలుసుకట్టు రాతే, అక్షరాలు విడదీయకుండా కలిపి రాసేది. రోజుకో పేజీ చదివితే అలవాటు కావడానికి నెల పడుతుంది. ఊళ్ళో పాత కరణాల కుటుంబాల్లో చదవగలిగే పెద్దలు ఇంకా ఉంటారు, వాళ్ళ దగ్గర కూర్చోండి.

మీ కాలపు మద్రాసు రెవెన్యూ బోర్డు ప్రొసీడింగ్స్ చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంటాయి. గంజాం కాగితాలకు భువనేశ్వర్‌లోని ఒడిశా రాష్ట్ర ఆర్కైవ్స్ కేటలాగు కూడా చూడాలి. మీ దరఖాస్తులో ఈ రెండిటి పేర్లూ రాయండి, కానీ ‘సందర్శించి సమాచారం సేకరిస్తాను’ అని ఆపేయకండి. ఏ శాఖ, ఏ సిరీస్, ఏ సంవత్సరాలు అన్నది రాయండి. ఆర్కైవ్స్‌లో పని వార్షిక సూచికతో మొదలవుతుంది: సూచికలో అంశం, దాని పక్కన ప్రొసీడింగ్స్ నంబరు, తేదీ. ఆ నంబరు, తేదీ చీటీ మీద రాసిస్తేనే సంపుటం వస్తుంది. విభాగాధిపతి పరిచయ లేఖ, గుర్తింపు కార్డు నకలు, పరిశోధనాంశం గురించి ఒక పేజీ వెంట పెట్టుకోవాలి.

ఆధారాల గురించి ఇంత రాశాక, ఇదివరకు ఎవరేం చెప్పారో రెండు వాక్యాలు రాయాలి. ‘ఈ అంశంపై ఇంతవరకు ఎవరూ పరిశోధన చేయలేదు’ అన్న వాక్యం దయచేసి కొట్టేయండి. అది ఎప్పుడూ అబద్ధమే, పైగా అవతల కూర్చున్నవాళ్ళలో ఒకరు దానిమీదే పని చేసి ఉండవచ్చు. ‘శోధ్‌గంగ’ వెబ్‌సైట్లో (మన విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు ఉంటాయి) బర్మా, గంజాం, తెలుగు కూలీలు అన్న మాటలతో వెతికి, దగ్గరగా ఉన్న సిద్ధాంత గ్రంథాల ముందుమాట, ముగింపు చదవండి. మైకేల్ ఆడాస్ 1974లో ఇరావతి డెల్టా వ్యవసాయం, కూలీల గురించి రాశారు. సునీల్ అమృత్ 2013లో బంగాళాఖాతం మీదుగా సాగిన వలసల చరిత్ర రాశారు. అవి చదివాక మీరు రాయవలసిన వాక్యం ఇలా ఉంటుంది: ‘అవతలి ఒడ్డున కూలీ బతుకు గురించి మనకు కొంత తెలుసు, ఇవతలి ఒడ్డున ఆ డబ్బు ఏ సర్వే నంబరులోకి వెళ్ళిందో నేను చూడదలచాను.’

ఇప్పుడు ‘బ్యాక్‌గ్రౌండ్’ భాగానికి వద్దాం. ఇది చిన్నది, 250 మాటలు దాటకూడదు. ‘చిన్నప్పటి నుంచి నాకు చరిత్రంటే ఇష్టం’ అని మొదలుపెట్టకండి. ప్రతి పది దరఖాస్తుల్లో ఎనిమిది అలాగే మొదలవుతాయి, అదేదో మంగళాచరణ శ్లోకం అయినట్టు. మార్కుల జాబితా వేరే పేజీలో ఎటూ ఉంటుంది, దాన్ని వాక్యాలుగా మళ్ళీ రాయనక్కర్లేదు. డిగ్రీలో హెచ్‌ఈపీ చదవడం మీకు బలం: చరిత్రతో పాటు అర్థశాస్త్రం చదివారు కాబట్టి ధరలు, అప్పులు, వడ్డీ లెక్కలు చూడగలరు. మీ ప్రశ్న భూమీ అప్పూ గురించే కదా, ఆ మాట అక్కడ రాయండి. ఎంఏలో ఈ ప్రశ్నకు పనికొచ్చిన రెండు పేపర్ల పేర్లు, వాటిలో మీరు రాసిన అసైన్‌మెంటు లేదా ప్రాజెక్టు, దానికి ఏ ఆధారాలు వాడారు, ఏం తేలింది, ఏం తేలలేదు. తేలనిదాని గురించి రాయడానికి భయపడకండి. ‘నా ప్రాజెక్టులో గ్రామస్తుల మాటలు తప్ప కాగితం లేదు, అందుకే ఇప్పుడు దస్తావేజుల వైపు వెళ్తున్నాను’ అని రాస్తే రెండు భాగాలకూ ముడి పడిపోతుంది. సెమినార్లలో పాల్గొన్న సర్టిఫికెట్లు జాబితా కట్టవద్దు. పత్రం చదివి ఉంటే దాని శీర్షిక రాయండి, కూర్చుని విని వచ్చినవి వదిలేయండి.

మధ్యలో ఆగిన ఏడాదికి ఒక్క వాక్యం చాలు: ఏ సంవత్సరం, కుటుంబ కారణాలు, మళ్ళీ ఎప్పుడు చేరారు. దాచితే మార్కుల మెమో మీది తేదీలే చెప్పేస్తాయి, సాగదీస్తే సానుభూతి కోరినట్టుంటుంది. 61 శాతానికి క్షమాపణ అక్కర్లేదు. ఎంఏలో 55 శాతం అర్హత, ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, దివ్యాంగులు మొదలైనవారికి అయిదు శాతం సడలింపు. మీరు దాని పైనే ఉన్నారు.

తెలుగు మీడియం గురించి మీరు నేరుగా అడగలేదు గానీ ఉత్తరంలో ఆ బెంగ వినిపిస్తోంది. గొలుసుకట్టు చదవగలగడం, ఊరి పెద్దలతో వాళ్ళ యాసలోనే మాట్లాడి రాసుకోగలగడం ఈ అంశానికి ముఖ్యమైన అర్హతలు. ఎక్కడో ఇంగ్లిషు మీడియంలో చదివినవారికి ఇవి లేవు. ‘భాషలు’ అని ఒక లైను పెట్టి ఏది ఎంతవరకు వచ్చో నిజాయితీగా రాయండి: తెలుగు చేతిరాత చదవగలను, ఇంగ్లిషు అచ్చు రికార్డు చదవగలను, ఒడియా లిపి నేర్చుకుంటున్నాను, అలా. రాయడం మాత్రం ముందు తెలుగులో రాయండి. వాదం నిలబడ్డాక ఇంగ్లిషు చేయండి. ఒక్కో వాక్యంలో ఒక్క సంగతే ఉండనివ్వండి. యంత్రానువాదానికి ఇచ్చి అలాగే పెట్టేస్తే ‘మేస్త్రీ’ తాపీమేస్త్రీ అయిపోతాడు, ‘రంగం’ నాటకాల స్టేజీ అవుతుంది. నవ్వులాటకు చెప్పడం లేదు. మేస్త్రీ, కౌలు, ఇనాం, కిస్తు లాంటి మాటల్ని అలాగే ఉంచి, మొదటిసారి వచ్చినచోట నాలుగు మాటల్లో అర్థం ఇవ్వండి.

రెండు పేజీలంటే సుమారు 900 మాటలు. బ్యాక్‌గ్రౌండ్‌కు 250 పోతే, ప్రశ్నకూ దాని నేపథ్యానికీ 300, ఆధారాలకూ పద్ధతికీ 250, ఏ అధ్యాపకుడి దగ్గర ఎందుకు చేయాలనుకుంటున్నారో ఒక చిన్న పేరా. ఈ చివరిదాంట్లో పొగడ్త వద్దు. వారు ఏ కాలం మీద, ఏ ఆధారాలతో పని చేస్తున్నారో చదివి, మీది ఎక్కడ కలుస్తుందో చెప్పండి. ఆ విభాగంలో ఆధునిక కాలం మీద పనిచేసేవాళ్ళు ఎవరూ లేకపోతే, ఎంత బాగా రాసినా ప్రయోజనం లేదు, మరో విశ్వవిద్యాలయం చూసుకోవాలి.

పరీక్షల సంగతి క్లుప్తంగా. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీకి ఏపీఆర్‌సెట్ (రాష్ట్ర పరిశోధన ప్రవేశ పరీక్ష) నోటిఫికేషన్ గమనిస్తూ ఉండండి. నెట్ (యూజీసీ జాతీయ అర్హత పరీక్ష) రాస్తే 2024 జూన్ నుంచి ఆ స్కోరుతోనూ పీహెచ్‌డీలో చేరవచ్చు, జేఆర్ఎఫ్ అనే పరిశోధక ఫెలోషిప్ రాకపోయినా సరే. అయితే ప్రవేశానికి ఆ స్కోరు ఒక ఏడాదే చెల్లుతుంది. ఫెలోషిప్ లేనివారికి నెట్ స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజి. జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్ళు నెలకు రూ. 37,000. చెన్నైలో నెలల తరబడి ఉండి రికార్డు చూడాలంటే ఆ డబ్బు ఎంత అవసరమో చెప్పక్కర్లేదు.

ఆ 30 శాతం ఇంటర్వ్యూ మీ రెండు పేజీల చుట్టూనే తిరుగుతుంది. ‘దస్తావేజుల్లో రంగం ప్రస్తావన దొరకకపోతే ఏం చేస్తావు?’ అని తప్పకుండా అడుగుతారు. జవాబు ముందే పేజీలో ఉండాలి: భూమి కొనుగోలు తేలకపోతే, తాకట్టు దస్తావేజులు ఒకటో పుస్తకంలోనే ఉంటాయి కాబట్టి అప్పు ఎలా పుట్టింది, ఎలా తీరింది అన్నదాని మీదికి ప్రశ్నను మళ్ళిస్తాను అని. ‘ముసలివాళ్ళను ఇంటర్వ్యూ చేస్తావా?’ అనీ అడుగుతారు. 1942లో పదేళ్ళ పిల్లలకు ఇప్పుడు తొంభై దాటాయి. మీకు దొరికేది ఎక్కువగా వాళ్ళ పిల్లల జ్ఞాపకమే, స్వయంగా చూసినవారి మాట అరుదు. ఆ తేడా మీకు తెలుసని చూపించండి. అడిగేటప్పుడు ‘ఎందుకు వెళ్ళారు?’ అని అడిగితే ‘బతకడానికి’ అన్న ఒక్క మాటే వస్తుంది. ఏ నెలలో బయల్దేరేవారు, ఓడ చార్జీ ఎవరు పెట్టారు, మేస్త్రీ ఏ ఊరివాడు, ఇంటికి డబ్బు ఎవరి చేత పంపేవారు, వచ్చాక మొదట కొన్నదేమిటి అని అడగండి.

ఇక మీ ముత్తాత పెట్టె. తప్పకుండా రాయండి, కానీ మొదటి పేరాలో భావోద్వేగంగా కాదు, ఆధారాల పేరాలో ‘కుటుంబ పత్రాలు: ఇన్ని ఉత్తరాలు, ఒక క్రయ దస్తావేజు, ఫలానా సంవత్సరాల మధ్యవి’ అని. మీ కుటుంబం ఒక్క ఉదాహరణ మాత్రమే, దానిమీద ఊరంతటినీ అంచనా కట్టడం లేదని కూడా ఒక మాట. దస్తావేజు నంబరు, సంవత్సరం, పుస్తకం, పేజీ చూసి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో దాని నకలు పట్టుకోండి. మీ 20 దస్తావేజుల పని దాని అటూ ఇటూ పేజీలతోనే మొదలుపెట్టవచ్చు. ఆ కాగితాలకు లామినేషన్ మాత్రం చేయించకండి, ఒకసారి వేశాక కాగితం చిరగకుండా అది ఊడిరాదు. సెలోటేపు కూడా వద్దు, కొన్నేళ్ళకు గోధుమరంగు మరక మిగిల్చి పోతుంది. తుప్పు పట్టిన గుండుసూదుల్ని మెల్లగా తీసేసి, ఒక్కో ఉత్తరాన్ని తెల్ల కాగితపు కవర్లో పెట్టి, కవరు మీద పెన్సిలుతో నంబరు వేయండి. ఎండలో కాకుండా పగటి వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి, రెండు వైపులా ఫొటో తీయండి.

పాత ఉత్తరాల కవర్లు ఉంటే వాటినీ పారేయకండి. 1937 ఏప్రిల్ 1 నుంచి బర్మాకు వేరే స్టాంపులు వచ్చాయి, మొదట్లో భారత స్టాంపుల మీదే ‘బర్మా’ అని అచ్చువేసి వాడారు. తేదీ లేని ఉత్తరం ఆ గీతకు ఇటుదో అటుదో స్టాంపు చూసి చెప్పేయవచ్చు.